రాజకీయాలు, బిగ్ డేటా, గణాంకాలు: ఈ పీజీకి ఎలా సిద్ధం కావాలి, చేరాక ఎలా చదవాలి

ఎన్నికల ఫలితాలు, పార్టీల మేనిఫెస్టోలు, చట్టసభల ప్రసంగాలు, సర్వేలు, సోషల్ మీడియా పోస్టులు అన్నీ ఇప్పుడు కంప్యూటర్ చదవగలిగే రూపంలో దొరుకుతున్నాయి. వాటి నుంచి రాజకీయాల గురించి నమ్మదగిన జవాబులు రాబట్టడం నేర్పే పీజీ కోర్సులు చాలా దేశాల్లో వచ్చాయి. బ్రిటన్‌లో వార్విక్ యూనివర్సిటీ ‘పాలిటిక్స్, బిగ్ డేటా అండ్ క్వాంటిటేటివ్ మెథడ్స్’ అనే పేరుతోనే మాస్టర్స్ పెట్టింది. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీ సోషల్ సైన్సెస్ మొత్తానికి కలిపి క్వాంటిటేటివ్ మెథడ్స్ మాస్టర్స్ నడుపుతోంది. మరికొన్ని చోట్ల ‘కంప్యుటేషనల్ సోషల్ సైన్స్’ అంటారు. పేరు ఏదైనా లోపల ఉండేవి మూడే: రాజనీతి శాస్త్రం, గణాంక శాస్త్రం, ప్రోగ్రామింగ్.

వీటిలో ఎక్కువమంది టెన్షన్ పడేది ప్రోగ్రామింగ్ గురించి. నిజానికి అది కొన్ని నెలలు రోజూ కూర్చుంటే చేతికొస్తుంది. ‘ఈ డేటా ఎలా పుట్టింది? ఇందులో ఎవరు లేరు?’ అని ప్రతిసారీ అడిగే అలవాటు మాత్రం అంత తొందరగా పట్టుబడదు. ఈ చదువులో బాగా రాణించేవాళ్లు ఆ అలవాటు ఉన్నవాళ్లే. అందుకే కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం దాన్ని అలవరచుకోవడానికి పనికొచ్చేవే.

ముందు ఒక ప్రశ్న రాసుకోండి

కోర్సుల వివరాలు వెతకడం మొదలుపెట్టే ముందు, మీకు నిజంగా జవాబు తెలుసుకోవాలని ఉన్న రాజకీయ ప్రశ్న ఒకటి కాగితం మీద పెట్టండి. ‘సోషల్ మీడియా, ప్రజాస్వామ్యం’ అన్నది ప్రశ్న కాదు, టాపిక్. ‘సోషల్ మీడియా వల్ల ప్రజాస్వామ్యం చెడిపోతోందా?’ అన్నది ప్రశ్నే గానీ, ఎంత డేటా తెచ్చినా దానికి జవాబు తేలదు. ‘ఎన్నికల ముందు కొన్ని వారాలు ఫేస్‌బుక్ మానేసినవాళ్లకు, మానని వాళ్లతో పోలిస్తే, ఎదుటి పార్టీ మద్దతుదారుల మీద కోపం తగ్గుతుందా?’ అని అడిగితే ఇక పనిలోకి దిగవచ్చు. ఎవరి గురించి అడుగుతున్నామో, ఏం కొలవాలో, ఎవరితో పోల్చాలో ఆ వాక్యంలోనే ఉంది.

ఈ మూడింటిలో ‘ఎవరి గురించి’ అన్న దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడతారు. 1950లో విలియం రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికా 1930 జనాభా లెక్కలతో ఒక సంగతి చూపించారు. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అక్షరాస్యత కూడా ఎక్కువగా ఉంది. అంతవరకే చూస్తే వలస వచ్చినవాళ్లే బాగా చదువుకున్నవాళ్లు అనిపిస్తుంది. మనుషులను విడివిడిగా లెక్కేస్తే మాత్రం విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువని తేలింది. వాళ్లు వెళ్లి స్థిరపడింది అప్పటికే చదువు బాగా ఉన్న రాష్ట్రాల్లో కావడం వల్ల రాష్ట్రాల సగటు అలా కనిపించింది. నియోజకవర్గాల ఫలితాలు చూసి ‘ఫలానా వర్గం ఫలానా పార్టీకే వేసింది’ అని తేల్చేసే విశ్లేషణలన్నిటికీ ఈ ప్రమాదం పొంచి ఉంది. మీ ప్రశ్న మనుషుల గురించి అయితే మనుషుల స్థాయి డేటా వెతకండి. అది దొరక్కపోతే ప్రశ్నను నియోజకవర్గాల గురించే అడిగేలా మార్చుకోండి.

కోర్సు పేరు పక్కన పెట్టి సిలబస్ చదవండి

పేరులో ‘బిగ్ డేటా’ ఉండి, లోపల దాని మీద ఒక్క ఐచ్ఛిక పేపరు మాత్రమే ఉన్న కోర్సులు ఉంటాయి. పేరు మామూలుగా ‘పొలిటికల్ సైన్స్’ అనే ఉండి, లోపల గణాంకాలు గట్టిగా నేర్పే కోర్సులూ ఉంటాయి. కాబట్టి మాడ్యూల్స్ జాబితా తెరిచి కొన్ని విషయాలు చూడండి. రిగ్రెషన్ (ఒక అంశం మారితే ఇంకో అంశం ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి) తప్పనిసరి పేపరా? దాని తర్వాత కారణాలను రాబట్టే పద్ధతులకు, అంటే కాజల్ ఇన్‌ఫరెన్స్‌కు, విడిగా పేపరు ఉందా? టెక్స్ట్ విశ్లేషణ నేర్పుతారా? ప్రతి వారం ల్యాబ్ ఉంటుందా, లేక లెక్చర్లతోనే సరిపెడతారా? ల్యాబ్ లేని మెథడ్స్ కోర్సులో చేరమని నేను ఎవరికీ చెప్పను. ఈ పద్ధతులు వింటే రావు, కూర్చుని చేస్తేనే వస్తాయి.

తర్వాత పాఠం చెప్పేవాళ్ల పేర్లు తీసుకుని, ఈమధ్య వాళ్లు ఏం ప్రచురించారో వెతకండి. వాళ్ల వ్యాసాలతోపాటు డేటా, కోడ్ కూడా అందరికీ అందుబాటులో పెట్టారంటే మంచి గుర్తు. మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేసేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా చూడండి. రేపు డిసర్టేషన్‌కు, అంటే కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసానికి, గైడ్ కావాల్సింది వాళ్లే.

కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రిటన్‌లో మాస్టర్స్ సాధారణంగా ఒక్క ఏడాదే. గణాంకాలు అసలు చదవని వాళ్లకు ఆ ఏడాది ఊపిరి సలపదు. ఐరోపాలోని చాలా దేశాల్లో రెండేళ్లు ఉంటుంది, నిదానంగా నేర్చుకునే వీలుంటుంది. పీహెచ్‌డీ వైపు వెళ్లాలనుకుంటే రెండేళ్ల కోర్సే నయం అని నా అభిప్రాయం. ఇప్పటికే వేరే పీజీలో ఉండి ఈ పద్ధతులు మాత్రమే కావాలనుకునేవాళ్లకు వేసవి శిక్షణలు ఉన్నాయి. మిషిగన్ యూనివర్సిటీలో ఐసీపీఎస్ఆర్, బ్రిటన్‌లో ఎసెక్స్ సమ్మర్ స్కూల్ రెండూ 1960ల నుంచి నడుస్తున్నాయి.

చేరేముందే లెక్కలు, కోడ్ మొదలుపెట్టండి

కావాల్సిన గణితం భయపడినంత ఉండదు. లాగరిథమ్‌లు, వాలు అంటే ఏమిటి, మాత్రికల గుణకారం, సంభావ్యత, సగటు, ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్), నార్మల్ డిస్ట్రిబ్యూషన్. ఇవి ఇంటర్ స్థాయి దాటవు. కాకపోతే ఫార్ములా గుర్తుపెట్టుకోవడం కాకుండా, అంకె ఏం చెబుతోందో మామూలు మాటల్లో చెప్పగలగాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఇంటికి వెళ్లి ‘ఓటు వేయండి’ అని అడిగితే ఎంత తేడా వస్తుందో లాజిస్టిక్ రిగ్రెషన్‌తో (జవాబు ‘అవును, కాదు’ అని ఉన్నప్పుడు వాడే రిగ్రెషన్) చూశారనుకోండి. ఫలితాల పట్టికలో 0.4 అని వచ్చింది. ‘ఓటు వేసే అవకాశం 40 శాతం పెరిగింది’ అని రాస్తే తప్పు. ఆ 0.4 లాగ్ ఆడ్స్‌లో ఉన్న అంకె, అంటే ఓటు వేసే అవకాశాన్ని వేయని అవకాశంతో భాగించి లాగరిథమ్ తీసిన కొలతలో ఉన్నది. ఓటు వేసే అవకాశం మామూలుగా 50 శాతం ఉన్న మనిషికి అది దాదాపు 60 శాతానికి చేరుతుంది, అంటే 10 పాయింట్లు పెరిగింది. అప్పటికే 90 శాతం ఉన్న మనిషికి 93కి చేరుతుంది, పెరిగింది 3 పాయింట్లే. ఎవరి గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా ఆ 0.4ను ఎత్తి రాయడంలో అర్థం లేదు. ఈ లెక్కను కాలిక్యులేటర్‌తో మీ చేత్తో ఒకసారి చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ రేపు ఏం చేస్తుందో ఆ పది నిమిషాల్లో అర్థమవుతుంది.

కోడ్ విషయానికి వస్తే ఆర్, పైథాన్ రెండూ ఉచితం. ఏదో ఒకటి పట్టుకోండి, రెండూ ఒకేసారి వద్దు. ఆర్‌ను 1990లలో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో గణాంక శాస్త్రవేత్తలే తయారుచేశారు. అందుకే సర్వేలు, రిగ్రెషన్లు, పటాలు గీయడం దానిలో హాయిగా సాగుతాయి. రాజనీతి శాస్త్రంలో ఎక్కువమంది వాడేది కూడా అదే. పెద్ద ఎత్తున టెక్స్ట్, మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్లాలనుకుంటే పైథాన్. మీరు చేరే కోర్సు ల్యాబ్‌లలో ఏది వాడతారో కనుక్కుని దానితోనే మొదలుపెడితే రెండుసార్లు నేర్చుకునే పని తప్పుతుంది. స్టాటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ కూడా ఇంకా వాడుకలో ఉంది, కానీ అది డబ్బు పెట్టి కొనాలి.

మొదట్లోనే గ్రాఫులు, మోడల్స్ వైపు పరుగెత్తకండి. పట్టికలు కలపడం ప్రాక్టీస్ చేయండి. అసలు పరిశోధనలో సగం పని అక్కడే ఉంటుంది. ఒక ఫైల్లో ‘సౌత్ కొరియా’ అని, ఇంకో ఫైల్లో ‘కొరియా రిపబ్లిక్’ అని ఉంటుంది. రెండింటినీ దేశం పేరుతో కలిపితే ఆ దేశం చప్పుడు లేకుండా మాయమైపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, మోడల్ కూడా చక్కగా నడుస్తుంది. అందుకని కలపడానికి ముందు ఎన్ని వరుసలు ఉన్నాయి, కలిపాక ఎన్ని ఉన్నాయి, ఏవి జత కుదరలేదు అన్నది ప్రతిసారీ తెరమీదికి తెచ్చి చూడండి. పేర్లకు బదులు దేశాల కోడ్‌లతో కలపడం ఇంకా మంచిది.

ప్రచురితమైన ఒక వ్యాసాన్ని మళ్లీ చేసి చూడండి

అప్లికేషన్ పెట్టేలోగా ఒక్క పని మాత్రమే చేయగలను అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పరిశోధకులు తమ డేటా, కోడ్ పెట్టే వెబ్‌సైట్ హార్వర్డ్ డేటావర్స్ తెరిచి, మీకు నచ్చిన అంశం మీద వచ్చిన వ్యాసం ఒకటి, దాని డేటా, కోడ్ దించుకోండి. వాళ్ల ప్రధాన పట్టికను మీ కంప్యూటర్‌లో మళ్లీ రప్పించండి. అది వచ్చాక ఒక చిన్న మార్పు చేయండి. ఒక దేశాన్ని తీసేయండి, ఒక ఏడాదిని తీసేయండి, లేదా కొలమానాన్ని మార్చండి. ఫలితం నిలబడుతుందా?

ఇది వట్టి విద్యార్థుల అభ్యాసం అనుకోకండి. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ ఒక వ్యాసం రాశారు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని అందులో తేల్చారు. ఖర్చులు తగ్గించాలని వాదించిన నాయకులు దాన్ని పదేపదే ఉదహరించారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్హర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ క్లాసు అసైన్‌మెంట్‌గా ఆ ఫలితాన్ని మళ్లీ రప్పించబోతే రాలేదు. రచయితల దగ్గర నుంచే ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని చూస్తే, సగటు తీసిన ఫార్ములాలో అయిదు దేశాల వరుసలు చేరలేదు: ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్. అక్షర క్రమంలో మొదటి అయిదూ పోయాయన్నమాట. దానికి తోడు కొన్ని సంవత్సరాల డేటా వదిలేయడం, సగటులో దేశాలకు బరువులు (ప్రాధాన్యం) ఇచ్చిన తీరు కూడా తేడా తెచ్చాయి. తన ప్రొఫెసర్లు ఇద్దరితో కలిసి 2013లో హెర్న్‌డన్ వేసిన లెక్కలో ఆ సగటు ప్లస్ 2.2 శాతం. ఫైలు తెరిచి ఓపిగ్గా చూసిన ఒక విద్యార్థి, దేశాల బడ్జెట్ల మీద జరుగుతున్న చర్చనే కదిలించాడు.

మీరు చేసిన పునఃపరీక్ష అంత దూరం వెళ్లకపోవచ్చు. అయినా స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో రాయడానికి అంతకంటే మంచి విషయం ఉండదు. ‘నాకు డేటా అంటే ఎంతో ఆసక్తి’ అన్న వాక్యం అందరూ రాస్తారు. ‘ఈ వ్యాసం ఫలితాన్ని మళ్లీ రప్పించాను, రెండు దేశాలు తీసేస్తే ప్రభావం సగానికి పడిపోయింది, దానికి కారణం ఇదై ఉంటుందని అనుకుంటున్నాను’ అని రాసేవాళ్లు కొద్దిమందే. మీ ప్రశ్న, మీరు చేసిన పని, ఆ కోర్సులో దాన్ని ఎవరి దగ్గర ముందుకు తీసుకెళ్లాలనుకుంటున్నారు అన్న మూడూ ఉంటే స్టేట్‌మెంట్ సిద్ధమైనట్టే.

చేరాక: డేటా ఎంత పెద్దదో కాదు, ఎలా వచ్చిందో చూడండి

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటి ప్రకారం రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ గెలవాలి. కానీ ఆయన ప్రత్యర్థి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. చిరునామాలు టెలిఫోన్, కార్ల జాబితాల నుంచి తీసుకున్నవి, ఆర్థిక మాంద్యం కాలంలో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరో ఊహించవచ్చు. పైగా తిరిగి జవాబు పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకేలాంటి వాళ్లు కారు. సర్వేల నిపుణుడు జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో విజేతను సరిగ్గా చెప్పారు.

ఇది పాత కథ అని పక్కన పెట్టే వీల్లేదు. హార్వర్డ్ గణాంక శాస్త్రవేత్త షావో లీ మెంగ్ 2018లో రాసిన వ్యాసంలో 2016 అమెరికా ఎన్నికల సర్వేలను పరిశీలించారు. జవాబు ఇచ్చేవాళ్లలో అతి చిన్న పక్షపాతం ఉన్నా చాలు, 23 లక్షల మంది జవాబులు కూడా యాదృచ్ఛికంగా ఎంచుకున్న 400 మందితో సమానమైన కచ్చితత్వమే ఇస్తాయని లెక్క చూపించారు. శాంపిల్ పెద్దదైన కొద్దీ పొరపాటు పరిధి సన్నగా కనిపిస్తుంది, మన నమ్మకం పెరుగుతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

చేతిలో ఉంచుకోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. నిజమైన యాదృచ్ఛిక శాంపిల్‌లో 1,000 మంది ఉంటే పొరపాటు పరిధి అటూఇటూ 3.1 శాతం, 400 మంది ఉంటే 4.9 శాతం. పరిధిని సగానికి తగ్గించాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. రెండు పార్టీల మధ్య తేడా 2 శాతం ఉన్న 1,000 మంది సర్వేను చూసి ‘ఆధిక్యం’ అని రాసేముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

డేటా కోసం మొదట వెళ్లాల్సిన చోట్లు చెబుతాను. ప్రజాభిప్రాయానికి వరల్డ్ వాల్యూస్ సర్వే, యూరోపియన్ సోషల్ సర్వే, ఆఫ్రోబారోమీటర్. ఎన్నికల తర్వాత ఓటర్లను అడిగిన సర్వేలకు కంపారిటివ్ స్టడీ ఆఫ్ ఎలక్టోరల్ సిస్టమ్స్. యుద్ధాలు, హింసకు స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ డేటా. పార్టీల మేనిఫెస్టోలకు బెర్లిన్ నుంచి నడిచే మేనిఫెస్టో ప్రాజెక్ట్. ప్రజాస్వామ్యం స్థాయికి స్వీడన్‌లోనే గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ నుంచి వచ్చే వీ-డెమ్, అది 1789 నుంచి లెక్కలు ఇస్తుంది. వీ-డెమ్ అంకెల్లో చాలావరకు నిపుణుల అంచనాలు. అంటే ఒక దేశం స్కోరు మారిందంటే దేశం మారి ఉండవచ్చు, అంచనా వేసేవాళ్లు మారి ఉండవచ్చు. అందుకే వాళ్లు స్కోరుతోపాటు అనిశ్చితి పరిధిని కూడా ఇస్తారు. దాన్ని పారేసి మధ్య అంకెను మాత్రమే వాడుకోవడం సరికాదు. ఏ డేటా తీసుకున్నా దాని కోడ్‌బుక్‌ను, అంటే ఏ అంకె దేన్ని సూచిస్తుందో చెప్పే పుస్తకాన్ని, మొదటి నుంచి చివరి వరకు చదవండి. బోరు కొట్టినా చదవండి.

‘కలిసి కదలడం’ నుంచి ‘కారణం’ దాకా

రెండు విషయాలు కలిసి మారడం చూసి ఆగకుండా, ఒకటి ఇంకోదానికి కారణమా అని తేల్చడం: ఈ చదువులో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఈ భాగమే. మహిళలు నాయకత్వంలో ఉంటే పాలన ప్రాధాన్యాలు మారతాయా? మహిళా నాయకులు ఉన్న ఊళ్లను, లేని ఊళ్లను పోల్చితే జవాబు రాదు. మహిళను ఎన్నుకున్న ఊరు ముందే వేరే రకం ఊరై ఉండవచ్చు. భారత రాజ్యాంగ 73వ సవరణతో పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు రిజర్వు అయ్యాయి. ఏ పంచాయతీ రిజర్వు అవుతుందన్నది ఊరి ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా, లాటరీ వేసినట్టు నిర్ణయమైంది. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తర్ డుఫ్లో దాన్ని ఆసరాగా తీసుకుని పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో పోల్చి చూశారు. రిజర్వు అయిన చోట, మహిళలు ఎక్కువగా అడిగే తాగునీటి లాంటి పనులకు పెట్టుబడి పెరిగిందని 2004లో ప్రచురించారు. పరిశోధకులు ఏ ప్రయోగమూ చేయలేదు. ఎక్కడ యాదృచ్ఛికత దాగి ఉందో కనిపెట్టారు.

మీరూ అలాగే వెతకాలి. స్వల్ప తేడాతో గెలిచినవాళ్లను, స్వల్ప తేడాతో ఓడినవాళ్లను పోల్చడం ఒక దారి. వందల ఓట్ల తేడాలో గెలుపోటములు దాదాపు అదృష్టమే. డేవిడ్ లీ 2008లో అమెరికా ప్రతినిధుల సభ ఎన్నికలతో, పదవిలో ఉండటం వల్ల తర్వాతి ఎన్నికలో ఎంత లాభమో ఇలాగే కొలిచారు. ఒక విధానం కొన్ని ప్రాంతాల్లో ముందు, కొన్నిటిలో తర్వాత అమలైతే అదో దారి. పద్ధతుల పేర్లు కంఠతా పెట్టే బదులు, ప్రతి వ్యాసంలోనూ ‘ఇక్కడ పోలిక ఎవరితో? వాళ్లు నిజంగా పోల్చదగినవాళ్లేనా?’ అని అడుగుతూ చదవండి. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే, కంట్రోల్ వేరియబుల్స్ (మిగతా తేడాలను సరిచేయడానికి మోడల్‌లో చేర్చే అంశాలు) పాతిక చేర్చినా అది నమ్మలేని పోలికే.

టెక్స్ట్‌ను డేటాగా మార్చేటప్పుడు

లక్షల పోస్టులు, దశాబ్దాల ప్రసంగాలు చదివించడానికి ఇప్పుడు సాధనాలు బోలెడు. వాటితో ఎంత దూరం వెళ్లవచ్చో చూపే మంచి ఉదాహరణ గ్యారీ కింగ్, జెన్నిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ 2013లో చైనా సెన్సార్‌షిప్ మీద చేసిన పని. దాదాపు 1,400 సైట్లలో పోస్టులను, సెన్సార్ చేసేవాళ్లు తీసేయకముందే సేకరించి, తర్వాత ఏవి మాయమయ్యాయో చూశారు. ప్రభుత్వాన్ని తిట్టిన పోస్టులు చాలావరకు అలాగే ఉన్నాయి. జనం వీధిలోకి వచ్చి గుమిగూడే అవకాశం ఉన్న అంశాలను తాకిన పోస్టులు మాత్రం, ప్రభుత్వాన్ని మెచ్చుకున్నవైనా సరే, పోయాయి. ‘డేటాలో ఏది లేదు’ అన్న ప్రశ్నే అక్కడ పరిశోధన అయింది.

మీరు చేసేటప్పుడు మొదట కనీసం రెండు మూడు వందల టెక్స్ట్‌లు స్వయంగా చదివి, చేత్తో వర్గీకరించండి. ఇంకొకరి చేత విడిగా చేయించి ఇద్దరి తీర్పులు ఎంత కలిశాయో చూడండి. మనుషులే ఒప్పుకోని చోట యంత్రం సరిగ్గా చెబుతుందని ఆశించడం వృథా. ఆ తర్వాతే మోడల్. దాని ‘కచ్చితత్వం 95 శాతం’ అని వస్తే సంబరపడకండి. వంద పోస్టుల్లో అయిదే ద్వేషపూరితమైనవి అయితే, ‘ఏదీ ద్వేషం కాదు’ అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కు కూడా 95 వస్తుంది. అసలు ద్వేషపూరిత పోస్టుల్లో ఎన్నింటిని పట్టుకుంది, పట్టుకున్న వాటిలో ఎన్ని నిజం అన్నవి విడిగా చూడాలి.

తెలుగు లాంటి భాషల్లో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ‘ఓటరు, ఓటర్లు, ఓటర్లకు, ఓటర్లతోనూ’ అన్నవి పదాలు లెక్కపెట్టే సాధనానికి నాలుగు వేర్వేరు పదాలు. ఇంగ్లిష్ కోసం రాసిన పద్ధతిని అలాగే దించుకుంటే లెక్కలు చెల్లాచెదురవుతాయి. ముందు పదాలను మూలరూపానికి తేవాలి, లేదా పదాలను చిన్న ముక్కలుగా చేసే మోడల్స్ వాడాలి.

చాట్‌జీపీటీ లాంటి పెద్ద లాంగ్వేజ్ మోడల్స్‌తో వర్గీకరణ చేయించే వాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. చేయించండి, తప్పు లేదు. ఏ మోడల్, ఏ వెర్షన్, ఏ తేదీ, ఏ ప్రాంప్ట్ (మోడల్‌కు ఇచ్చిన ఆదేశం) అన్నది రాసిపెట్టుకోండి. కంపెనీలు మోడల్స్‌ను మార్చేస్తుంటాయి, రేపు మళ్లీ నడిపితే అదే జవాబు రాకపోవచ్చు. చేత్తో వర్గీకరించిన వాటితో సరిచూడటం మాత్రం ఇక్కడా తప్పదు.

అనుమతి, గోప్యత

డిసర్టేషన్ అంశం సోషల్ మీడియా అనుకుంటే, డేటా నిజంగా చేతికి వస్తుందా అన్నది మొదటి వారంలోనే తేల్చుకోండి. పరిశోధకులకు ట్విట్టర్ ఇచ్చిన ఉచిత ప్రవేశం 2023లో ఆగిపోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో మూసేసింది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ ఆర్టికల్ పరిశోధకులకు కొంత హక్కు ఇస్తోంది, కానీ దరఖాస్తుకు సమయం పడుతుంది. ఒక మార్గం మీదే ఆధారపడిన అంశం ఎంచుకుంటే మధ్యలో చేతులెత్తేయాల్సి వస్తుంది.

చేతికి వచ్చినంత మాత్రాన వాడే హక్కు వచ్చినట్టు కాదు. ఫేస్‌బుక్ 6,89,003 మంది న్యూస్ ఫీడ్‌లను మార్చి వాళ్ల భావోద్వేగాలు ఎలా మారతాయో చూసిన అధ్యయనం 2014లో బయటికి వచ్చినప్పుడు, వాళ్లను విడిగా అడగనే లేదని పెద్ద దుమారం రేగింది. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థ వ్యవహారంలో 8.7 కోట్ల మంది వరకు సమాచారం బయటికి పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ కంపెనీయే చెప్పింది. ఆ డేటా మొదట సేకరించింది ఒక యూనివర్సిటీ పరిశోధకుడు తయారుచేసిన క్విజ్ యాప్. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే యూరప్ జీడీపీఆర్ చట్టంలో రాజకీయ అభిప్రాయాలు ప్రత్యేక రక్షణ ఉన్న సమాచారం కింద వస్తాయి. ఒక మనిషి ఏ పార్టీ వైపో బయటపడితే ఉద్యోగం పోయే, ప్రాణం మీదికి వచ్చే దేశాలు చాలా ఉన్నాయి. అందుకే ఎథిక్స్ దరఖాస్తును, అంటే మనుషుల డేటా వాడటానికి యూనివర్సిటీ అనుమతి కోరే దరఖాస్తును, ఫార్మాలిటీగా చూడకండి. పేర్లు తీసేసినా, ఒక పోస్టులోని వాక్యాన్ని యథాతథంగా ఉదహరిస్తే సెర్చ్ చేసి ఆ మనిషిని పట్టుకోవచ్చన్న సంగతి కూడా అందులో ఆలోచించాలి.

డిసర్టేషన్

అంశం చిన్నదిగా ఉండాలి. ఒక ప్రశ్న, ఒక ప్రధాన పోలిక, దాన్ని కుదిపి చూసే రెండు మూడు పరీక్షలు చాలు.

డేటా తెరవకముందే మీ అంచనా ఏమిటో, ఏ మోడల్ నడుపుతారో రెండు పేజీల్లో రాసి గైడ్‌కు పంపండి. దీనికి గట్టి కారణం ఉంది. అసలు ఏ సంబంధమూ లేని చోట కూడా, 5 శాతం ప్రమాణంతో (ఒక్కో పరీక్షలో తప్పుడు ఫలితం కనిపించే అవకాశం 5 శాతం) 20 విడివిడి పరీక్షలు చేస్తే కనీసం ఒకటి ‘ముఖ్యమైన ఫలితం’గా కనిపించే అవకాశం 64 శాతం. ముందే రాసిపెట్టుకోకపోతే ఆ ఒక్కదాని చుట్టూ కథ అల్లేయడానికి మనసు తొందరపడుతుంది, అదీ చిత్తశుద్ధితోనే. ఫలితం ఏమీ రాకపోతే కంగారు పడకండి. పద్ధతి గట్టిగా ఉంటే ‘ప్రభావం కనిపించలేదు’ అన్నది కూడా మంచి డిసర్టేషనే. ఎంత పెద్ద ప్రభావం ఉండి ఉంటే మీ డేటాలో కనిపించేదో లెక్క చెప్పగలిగితే చాలు.

ఫోల్డర్ మొదటి రోజే సర్దుకోండి. ముడి డేటాను ఎప్పుడూ ముట్టుకోకూడదు. మార్పులన్నీ కోడ్‌లో జరగాలి, ఎక్సెల్‌లో చేత్తో దిద్దకూడదు. యాదృచ్ఛిక సంఖ్యలు వాడేచోట సీడ్ (ప్రతిసారీ అవే సంఖ్యలు వచ్చేలా చేసే ప్రారంభ అంకె) పెట్టండి, ప్యాకేజీల వెర్షన్లు రాసిపెట్టండి. సమర్పించడానికి రెండు వారాల ముందు ఆ ఫోల్డర్‌ను క్లాస్‌మేట్‌కి ఇచ్చి, వాళ్ల కంప్యూటర్‌లో మొదటి నుంచి నడపమనండి. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎక్కువగా మీ కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న ఫైలు దారి (ఫైల్ పాత్) దగ్గర, లేదా మీరు చేత్తో మార్చి మర్చిపోయిన నిలువు వరుస దగ్గర.

పని పూర్తయ్యాక, లైసెన్స్, గోప్యత ఒప్పుకుంటే, డేటానూ కోడ్‌నూ డేటావర్స్ లాంటి చోట పెట్టండి. సర్వే సంస్థలు, పార్టీల ప్రచార విభాగాలు, డేటా జర్నలిజం డెస్కులు, అంతర్జాతీయ సంస్థలు, పీహెచ్‌డీ కమిటీలు మార్కుల పట్టికతో ఆగవు, చేసిన పని చూపించమంటాయి. ఆ లింకుతోపాటు, గణాంకాలు తెలియనివారికి కూడా అర్థమయ్యేలా మీ ఫలితాన్ని చెప్పే ఒక పేజీ నోట్ రాసి ఉంచుకోండి. ఏం కనుక్కున్నారో ఒక పేరా, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఒక పేరా.